మైసమ్మ ముందు బూట్లు

తాండూరులో మా రాళ్ల గని మేస్త్రి మొన్న మంగళవారం పోయాడు. పొద్దున పనికి వచ్చి, గని గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పదేళ్లుగా రోజూ మమ్మల్ని తిట్టిన మనిషి, గుండెలో నొప్పి సంగతి మాత్రం ఒక్కరితోనూ అనలేదు. ఆ కోపం నాకింకా తీరలేదు.

రాయి కొట్టేవాళ్లం అందరం ఒట్టి కాళ్లతోనే గనిలోకి దిగేవాళ్లం. పలకలు జారి ఎందరివో వేళ్లు చితికిపోయేవి. కంపెనీ ఏం చేసిందంటే, గేటు మీద 'పనివారి క్షేమమే మా ధ్యేయం' అని పెద్ద బోర్డు కట్టింది. మేస్త్రి యజమానిని దాని కిందే నిలబెట్టి అడిగాడు.

"సేటూ, గీ బోర్డును కాళ్లకు కట్టుకోమంటవా?"

మూడేళ్లు అడిగిందే అడిగి సేటు ప్రాణం తోడేశాక, వికారాబాద్ నుంచి వచ్చే బండిలో తోలు బూట్లు దిగాయి.

అప్పుడు మేం చేసిన పని తలచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది. గనిని కాచే మైసమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాక గని రాతి మీద చెప్పులతో నడవకూడదని మా పట్టింపు. అందుకని కొత్త బూట్లు ఇంట్లో దాచుకుని, పెద్దేముల్‌లో పెళ్లిళ్లకు తొడుక్కుపోయాం. పనిలోకి మళ్లీ ఒట్టి కాళ్లే. మేస్త్రి ఒక్కడే మొదటినుంచీ పాత బూట్లతో తిరిగేవాడు. పొగరని వెనకాల అనుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన బూట్లతోనే అమ్మకు కాయ కొట్టి, మా వైపు తిరిగాడు.

"పాపమొస్తే నాకు రానీ. బూట్లు లేనోడు దిగొద్దు."

"అమ్మకు కోపమొస్తే ఎట్ల మేస్త్రీ?" అన్నాను.

"అమ్మతోని నేను మాట్లాడుకుంట. కాలు పోయినంక నీ పెండ్లాంతోని నువ్వేం మాట్లాడుతవో సోంచాయించుకో."

గొణుక్కుంటూ తొడుక్కున్నాను. ఆ వారంలోనే పలక జారి నా కుడికాలి మీద పడింది. బూటు చీలింది. వేళ్లు వాచాయి గాని మిగిలాయి. ఆయన మాత్రం పలక కింద కాలు పెట్టిన తెలివికి సాయంత్రం దాకా తిట్టాడు. ఈ వేళ్లు ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట ఎదురుగా చెప్పలేకపోయాను.

మంగళవారం స్నానం చేయించే ముందు ఆయన బూట్లు విప్పింది నేనే. ఎడమ బూటు ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. ఆ పాదానికి బొటనవేలు తప్ప వేళ్లు లేవు. మా గనికి రాకముందు నాటి దెబ్బ. ఇది చూపించి ఉంటే మొదటిరోజే తొడుక్కునేవాళ్లం కదా అని శవం మీదే కోప్పడ్డాను.

"తన కాలే కాపాడుకోలేనోడి మాట ఎవరింటరని దాసిపెట్టిండు," అంది ఆయన భార్య.

నీళ్ల చెంబు పట్టుకుని ఆ పాదం దగ్గరే కూర్చుండిపోయాను. పోయడానికి చెయ్యి రాలేదు.