మూడో పిలుపు దాకా

పెద్దమ్మ పోయిందన్న కబురు పెద్దమ్మ నంబరు నుంచే వచ్చింది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. ఫోన్ మోగింది, తెర మీద ఆమె పేరు. "చెప్పు పెద్దమ్మా" అన్నాను. అటునుంచి మగగొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, అమ్మ ఇక లేదని చెప్పింది. నేను ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, అదే నంబరుకు నేనే తిరిగి చేశాను. నంబరు చూసి మనిషి అనుకోవద్దు, అనుమానమొస్తే కట్ చేసి మనమే చేయాలి అని నాకు నేర్పింది ఆమే మరి. మళ్లీ అదే గొంతు పలికింది. ఆమె కొడుకే. ఇక నమ్మక తప్పలేదు. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమె నాకు చుట్టం కాదు. హన్మకొండలో నేను పనిచేసే రక్తపరీక్షల లాబ్‌లో కంప్యూటర్లు చూసుకునేది. పెద్ద డాక్టరు మొదలుకొని ఊడ్చే ఆమె దాకా అందరికీ పెద్దమ్మే. ములుగులో, డోర్నకల్‌లో మా లాబ్‌కు చిన్న సెంటర్లున్నాయి. అక్కడ తీసిన రక్తం జీపులోనో రైల్లోనో మా దగ్గరికి వస్తుంది. పరీక్షల ఫలితాలు మాత్రం మా వెనకగదిలోని సర్వర్ నుంచి అక్కడి కంప్యూటర్లకు పోతాయి. ఆ పోయే దారికి కాపలా పెద్దమ్మ.

ఆమె రాకముందు ఆ దారికి కాపలా ఏమిటో మాకు తెలియదు. ఫలితం పోతోంది, వాళ్లకు చేరుతోంది, ఇంకేం కావాలి? వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నన్ను వెనకగదికి పిలిచింది. "జర ఇటు సూడు బిడ్డా" అంది. ఆమె తెర మీద అక్షరాలు చీమలబారులా పోతున్నాయి. వాటి మధ్యలో నా పేరు కనబడింది. నా వయసు. ఆ పొద్దున నేనే రక్తం ఇచ్చి చేయించుకున్న పరీక్ష ఫలితం. నేను కడుపుతో ఉన్న సంగతి, అప్పటికి నా పెనిమిటికి కూడా చెప్పని సంగతి, అక్కడ పాకిపోతోంది. నా టేబుల్ మీది కంప్యూటర్‌కూ ఆ సర్వర్‌కూ మధ్య ఉన్న నాలుగు గజాల వైరులోంచి దాన్ని ఆమె పట్టింది.

చప్పున అరచేత్తో తెర మూసింది. "నేను సూడలే అనుకో. గని నా కంటె ముందుగాల ఎవడు సూసిండో నాకు ఎర్కలేదు."

ఆ కడుపు నిలవలేదు. మా ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పెద్దమ్మ ఒక్క మాటా అడగలేదు. కొన్నాళ్లపాటు నా టేబుల్ మీద ఆమె టిఫిన్ డబ్బా ఉండేది, వేడి జొన్నరొట్టె, పక్కన ఇంత తొక్కు. అంతే. ఆమె చేసిన ఓదార్పు అంతకు మించి లేదు, నాకు అంతకు మించి అక్కరా లేకపోయింది.

ఆ తర్వాతే దారంతా మూసేసింది. ఇక్కడి మాటను సర్వర్ ఇక్కడే కలగాపులగం చేసి పంపుతుంది, అక్కడి యంత్రమే దాన్ని విప్పుకుంటుంది, నడుమ ఎవడు పట్టినా వాడికి దక్కేది చెత్త. ఎన్‌క్రిప్షన్ అంటే అంతేనా అని నేను తీసిపారేస్తే ఆమెకు కోపం వచ్చింది. "గుసగుస మాట్లాడుతె అయిపోయిందా? ఎవలతోటి గుసగుస పెడ్తానవో గది ముఖ్యం" అంది.

దానికోసమే సర్టిఫికెట్. ఇది మన సర్వరే అని సాక్ష్యం చెప్పే కాగితం లాంటిది, యంత్రాలు చదువుకుంటాయి. సంతకం చేసినవారి పేరు దగ్గర ఆమె 'పెద్దమ్మ' అనే రాసింది. మేం పడీపడీ నవ్వాం. ఆ సర్టిఫికెట్‌ను మెయిల్‌లో పంపమంటే ససేమిరా అంది. పెన్‌డ్రైవ్‌ను కొంగున ముడేసుకుని బస్సులో ములుగు పోయింది, రైల్లో డోర్నకల్ పోయింది, ఒక్కో కంప్యూటర్‌లో తన చేత్తో పెట్టి వచ్చింది. తన మొఖం ఎట్లుంటుందో తానే వచ్చి చూపించాలి కదా అనేది. సర్టిఫికెట్‌కు వేలిముద్ర ఉంటుంది, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. దాని చివరి ముక్క మా అందరిచేత ఎక్కాల్లా వల్లె వేయించింది.

ఈ పట్టుదల ఆమెకు కంప్యూటర్ల వల్ల రాలేదు. ధర్మసాగర్ పక్క ఊళ్లో ఆమె అమ్మమ్మ, ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకనిచ్చేది కాదట. "దయ్యం ఒక్కపారే పిలుస్తది బిడ్డా. మనిషైతె మూడుసార్లు పిలుస్తది." అందుకే మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, గేటు దగ్గర నిలబడి "బిడ్డా... బిడ్డా... ఓ బిడ్డా" అని మూడుసార్లు పిలిచి, నవ్వుకుంటూ లోపలికి వచ్చేది. కంప్యూటర్ తెర మీద ఏ హెచ్చరిక పెట్టె వచ్చినా చదవకుండా 'ఔను' నొక్కే మావాళ్లను మాత్రం తిట్టిపోసేది. పెండ్లిల పులిహోర వడ్డిస్తాండ్రా, వద్దనకుండ పెట్టించుకునుడు? అని.

దినాలు అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, ములుగు సెంటర్ నుంచి అక్కడి టెక్నీషియన్ పిల్ల ఫోన్ చేసింది. ఎవరో పసివాడు జ్వరంతో అక్కడి దవాఖానలో ఉన్నాడు. వాడి ప్లేట్‌లెట్ల లెక్క కోసం డాక్టరు కాచుకుని ఉన్నాడు. ఫలితం మా సర్వర్‌లో తయారుగా ఉంది. తీరా ఆ పిల్ల కంప్యూటర్ తెరవబోతే హెచ్చరిక పెట్టె వచ్చింది.

"అక్కా, పెద్దమ్మ పేరు వస్తాంది. నమ్మాల్నా అని అడుగుతాంది. ఔనని నొక్కాల్నా?"

నేను వెనకగదిలోనే ఉన్నాను. సర్వర్ ఫ్యాను గొణుగుతోంది. ఆమె కుర్చీ మీద ఆమె మడతపెట్టుకున్న శాలువా అట్లాగే ఉంది. నిజం చెబుతున్నాను, అను బిడ్డా అనే మాట నా నోటిదాకా వచ్చింది. పసివాడి కోసం కాదు. ఆమె పిలుస్తోందంటే కాదనబుద్ధి కాలేదు.

వేలిముద్ర చివరి ముక్క చదవమన్నాను. చదివింది. మళ్లీ చదవమన్నాను. అది మేం వల్లె వేసింది కాదు.

"వద్దు, నొక్కకు. ఆమె కాదు."

"మరి ఎవలక్కా?"

నేనే దవాఖానకు ఫోన్ చేసి, డాక్టరుకు అంకెలు చదివి వినిపించాను. పిల్లవాడు గట్టెక్కాడు. ఆ పిల్ల 'ఔను' నొక్కి తన పాస్‌వర్డ్ కొట్టి ఉంటే, వాడిదొక్కటేమిటి, మా సర్వర్‌లో ఉన్న ఎందరెందరి సంగతులో ఆ అవతలివాడి చేతికి పోయేవి. నాది కూడా అందులోనే ఉంది. తెలిసినవాళ్లను పిలిపించి చూపిస్తే, దారిలో ఎవడో ఆమె పేరు పెట్టి తన యంత్రం నిలబెట్టి ఉంటాడన్నారు. ఎవడో, ఎక్కడో తేలలేదు. ఆ పెట్టె మళ్లీ రాలేదు. ఒక్కసారే పిలిచింది.

ఆమె అసలు సంతకానికి వచ్చే ఎండాకాలం దాకా గడువుంది. రోజూ పొద్దున సెంటర్లలో కంప్యూటర్లు తెరవగానే, ఇది మన సర్వరేనా అని అడుగుతాయి, పోయిన మనిషి ఔనని సాక్ష్యం చెబుతుంది. మావాళ్లు దాని ఊసెత్తరు. సంతకం ఎట్లా చేయాలో నాకు నేర్పే పోయింది, నా పేరుతో ఇప్పుడే మార్చేయవచ్చు. మార్చబుద్ధి కావడం లేదు. గడువు తీరేదాకా ఉండనీ అనుకుంటున్నాను.

మొన్న ఆదివారం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఎండ మండిపోతోంది, వాడకట్టంతా తలుపులు వేసుకుని పడుకుంది. గేటు దగ్గర "బిడ్డా" అని వినబడింది. ఆ సాగదీత, ఆ గొంతు నాకు తెలియనివి కావు. పరుగున వచ్చి తలుపు గడియ మీద చెయ్యి వేశాను. నేను పలకలేదు. ఇంకో రెండుసార్లు పిలువు పెద్దమ్మా, రెండేసార్లు, అని లోలోపల బతిమాలుకుంటూ అట్లాగే నిలబడ్డాను. ఎండ తలుపు కింది సందులోంచి నా పాదాల మీదికి వచ్చింది, రెండో పిలుపు రాలేదు. గడియ మీద నుంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.