సబ్ ఠీక్ హై, సాబ్

ఈ హిందీ ఊళ్ళో మా రైల్వే కాలనీలో ఏ రైలు డ్రైవరింట్లోనైనా వారం రోజులుగా ఊరగాయ జాడీ బయటికి రాలేదంటే, ఆయనకి మెడికల్ దగ్గర పడిందన్నమాటే. బండి నడిపేవాళ్ళకి రైల్వే డాక్టరు చేసే ఆ పరీక్షంటే మా వాళ్ళందరికీ హడలు. ఉప్పుకి బీపీ పెరిగి ఉందంటే ఇంజను దిగాలి, చూపు మందగించిందంటే దిగాలి. మా నాన్న కళ్ళ చార్టులో అడుగు వరస బట్టీ పట్టి మరీ వెళ్ళేవాడు. అమ్మ పప్పు కలుపుతూ అప్పజెప్పించుకునేది. డాక్టరు ఏమడిగినా, అంతా బాగుందని చెప్పాల్సింది ఒకటే మాట: "సబ్ ఠీక్ హై, సాబ్." పుట్టింట్లో నేను నేర్చుకున్న చదువు అదే. కట్టుకున్నాయనా గూడ్సు డ్రైవరే కాబట్టి, కాపురంలోనూ పనికొచ్చింది.

ఆయన ఒకరోజు డ్యూటీ దిగి స్కూటరు మీద వస్తూ, వానలో రోడ్డు మీద పడుకున్న ఆవును తప్పించబోయి పడిపోయారు. హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతూ ఉందట. ఆ హెల్మెట్‌ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. తలకి ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. మనిషే లేడు. పెడితే తినడం, లేపితే లేవడం, లేకపోతే ఆపేసిన టీవీ వైపు చూస్తూ కూర్చోవడం. "ఏటండీ, ఏటైందండీ మీకు" అని నేను గోల పెడితే "ఊఁ" అనేవారు. ఒక్కోసారి కళ్ళంట నీళ్ళు కారేవి. ఎందుకో చెప్పేవారు కాదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి, ముందు జాగ్రత్తగా ఇచ్చిన ఫిట్సు మాత్రలు డాక్టర్లు ఆపించాక, ఒక మధ్యాహ్నం అన్నం తింటూండగా ఆయన మూతి ఓ పక్కకి లాగేసింది. కుడిచెయ్యి టపటపా కొట్టుకుంది. పళ్ళెం అవతలకి తోసి ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాను. కాసేపటికి సర్దుకుంది. మా అమ్మాయి కాలేజీలో ఉంది. నేను నేల తుడిచేసి ఎవరికీ చెప్పలేదు. ఫిట్సు అన్న మాట ఫైల్లో పడితే ఆయన్ని ఇంక ఇంజను ఎక్కనివ్వరు కదా అని నా భయం. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడమే తెలియని మనిషికి ఇంజనేమిటి, నా మొహం!

ఊళ్ళో వ్యాపార్ విహార్ పేట వైపు ఒక క్లినిక్‌లో అయస్కాంతంతో మెదడుకి వైద్యం చేసే మిషను ఉందని అమ్మాయే కనుక్కొచ్చింది. అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి. నుదుటి పక్కన కాయిల్ ఆనించి అయస్కాంతపు తాకిడి ఇస్తారట. దిగులులో మునిగి మొద్దుబారిన భాగం కొంత మేలుకోవచ్చు, మేలుకోకపోవచ్చు, తలకి దెబ్బ తగిలినవాళ్ళ విషయంలో గట్టిగా చెప్పలేనన్నాడు. అమ్మాయి ఫారం నింపుతూ, "అమ్మా, నాన్నకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఇధర్ పూఛా హై" అంటూ ఫారంలో ఆ ప్రశ్న మీద వేలు పెట్టింది.

"లేదు," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. అడిగింది అమ్మాయే అయినా ఫారం డాక్టరుది, అంతే.

ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళేవాళ్ళం. కుర్చీ ఎక్కేముందు ఇనుము ఏదీ ఒంటి మీద ఉండకూడదు కనక ఆయన చేతి వాచీ నేను విప్పి పట్టుకునేదాన్ని. మందపాటి గుడ్డ మీద కుట్టుమిషను ఇరుక్కున్నట్టు టకటకటకమని చప్పుడు, కాస్త ఆగడం, మళ్ళీ టకటక. కొట్టినప్పుడల్లా ఆయన కనుబొమ అదిరేది. వాచీ పిడికిట్లో నొక్కుకుని కూర్చోవడం తప్ప నాకు చేతనైంది ఏమీ లేదు.

రెండో వారంలో ఒక పొద్దున నేను తాళం వెతుక్కుంటుంటే ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే! మర్నాడు వాచీ ఆయనే విప్పి నా చేతిలో పెట్టారు. ఆ మర్నాడు "చాయ్" అన్నారు. ఒక్క చాయ్ కోసం ఆడది అంత ఏడుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ చాయ్ అడిగిన సాయంత్రమే మళ్ళీ మూతి పక్కకి లాగింది. చెయ్యీ కొట్టుకుంది. ఈసారి ఎక్కువసేపు.

రాత్రంతా నాకు నేనే చెప్పుకున్నాను: కొంచెమే కదా, తగ్గిపోయింది కదా, ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ ఆ టీవీ ముందే కదా. తెల్లారాక ఆయన చెప్పులేసుకుని నిలబడ్డారు. తీసుకెళ్ళాను. సిగ్గు లేకుండా తీసుకెళ్ళాను.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. కాయిల్ తలకి ఆనించారు. నిన్నటి నుంచి ఏమైనా ఇబ్బందా అని డాక్టరు రోజూ అడిగినట్టే నన్నడిగాడు, "కల్ సే కోయీ తక్‌లీఫ్?"

రోజూ ఠకీమని వచ్చే మాట ఈసారి రాలేదు. పిడికిట్లో ఉన్న వాచీ వంక చూసుకున్నాను. అంతలో కుర్చీలోంచి వినబడింది, వెనకటి గొంతుతో, స్పష్టంగా:

"సబ్ ఠీక్ హై, సాబ్."

డాక్టరు మొహం వెలిగిపోయింది. "అరే వాహ్!" అంటూ భుజం తట్టాడు. ప్రమాదం తర్వాత ఆయన నోట మొత్తం వాక్యం వినడం అదే మొదలు. ఆయన నా వైపు చూశారు. మెడికల్ పాసై వచ్చిన రోజు చూసే చూపే. నాకు నవ్వాలో నెత్తీ నోరూ బాదుకోవాలో తెలియలేదు. డాక్టరు బటన్ వైపు చెయ్యి చాపాడు.

"నహీఁ సాబ్, రుకియే!" అని అరిచేశాను. నిన్నటిదీ, మొదటిదీ, ఫారం మీద అబద్ధమూ, అన్నీ చెప్పేశాను.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాయిల్ తీయించి, ఈ స్థితిలో మిషను పెట్టడం ప్రమాదమనీ, ముందు ఫిట్సుకి మాత్రలు, పరీక్షలు కావాలనీ అన్నాడు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. "దేఖేంగే," అన్నాడు. చూద్దామన్నాడే గానీ పెడతామని మాత్రం అనలేదు.

ఆటోలో వాచీ ఇవ్వబోతే ఆయన చెయ్యి చాపలేదు. రైల్వే స్టేషన్ దాటాక, నా వైపు తిరక్కుండానే అన్నారు:

"నేను చెప్పేను కదా. నువ్వెందుకు చెప్పీసేవే?"

ఆయన నాతో మాట్లాడాలని ఎన్ని నెలలు ఎదురుచూశానో! వాచీ నా చేతిలోనే ఉంది. మర్నాడు పొద్దున ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆయన టీవీ ముందు ఉన్నారు.