సాక్ష్యంలో మార్చిన మాట

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరికాదేమో. అదే నన్ను మోస్తోంది. నాకు పెళ్ళి చేసింది, సంఘంలో పేరు తెచ్చింది, అత్తగారింట మర్యాద నిలబెట్టింది. ఇంత మేలు చేసిన అబద్ధాన్ని దించుకోవడం ఎవరికైనా కష్టమే.

వచ్చే ఆదివారం దాన్ని మళ్ళీ చెప్పమన్నారు. యౌవనస్థుల కూడికలో. "అమ్మా, మీ సాక్ష్యం ఈ కాలం పిల్లలకు చాలా అవసరం" అని పాస్టరుగారు ఫోను చేశారు. సరేనండి అన్నాను. ఫోను పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పటినుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఏ గదిలోకి ఎందుకు వచ్చానో గుర్తు రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

మా సంఘాల్లో సాక్ష్యం అంటే కోర్టు మాట కాదు. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తనకు చేసిన మేలు నలుగురి ముందు చెప్పుకోవడం. జ్వరం తగ్గినా చెప్తారు, మొగుడు తాగుడు మానినా చెప్తారు. విన్నవాళ్ళు స్తోత్రం అంటారు. అడ్డు ప్రశ్నలు ఎవరూ వెయ్యరు. వెయ్యకూడదని కాదు. ఏడుస్తూ చెప్పే మనిషిని ఎవరు అడుగుతారు?

మాది బిట్రగుంట. నాన్న రైల్వేలో పనిచేసేవారు. మేం ఉండేది కాలనీలోనే, రెండు వీధుల అవతల మా పెద్దమ్మ ఇల్లు. పెద్దమ్మ కొడుకు దాసన్న. వారమంతా సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేసేవాడు. ఆదివారం గుడిలో గిటారు వాయించేవాడు. మీసాలు రాకముందు నుంచీ కుడివైపు కిటికీ కింద ఆ స్టూలు అతనిదే. అతను రాని ఆదివారం ఆ స్టూలు మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

మెటల్ పాటలు, మా సంఘంలో సైతాను పాటలనేవి, నాకు వినిపించింది అతనే. ఒక ఇంగ్లీషు బ్యాండు, పేరు చెప్పను. మేం వినడం మొదలుపెట్టేసరికే వాళ్ళు మా నాన్న కంటే పెద్దవాళ్ళు. దాసన్న ఆ పాటలు ఫోనులో వేసుకొచ్చి, ఇయర్‌ఫోను ఒకటి తను పెట్టుకుని రెండోది నాకిచ్చేవాడు. మొదటిసారి రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడినట్టే ఉంది. ఇదేం పాటన్నా అని నవ్వాను. మర్నాడు నేనే వెళ్ళి మళ్ళీ పెట్టమన్నాను. ఇంగ్లీషు మాకు అర్థమయ్యేది సగం. అర్థం కాని సగమే మాకు ఎక్కువ ఇష్టం.

ఒక పాట ఉండేది. దాని చివర ఆ పాటగాడి గొంతు పైకి పోతుంది, ఇంకా పోతుంది, ఇక మనిషి గొంతు ఇంతే అనుకున్న చోట ఇంకో మెట్టు ఎక్కుతుంది. డిగ్రీ తప్పిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ మెట్టే. ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు. నేను గదిలోకి వస్తే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. తిట్టినా బాగుండేది. ఆ గుసగుసల మధ్య, నా కోసమే ఎక్కడో ఒక మనిషి గొంతు చించుకుంటున్నాడని అనిపించేది. ఆయన్ను నేను ప్రేమించాను. ఇంకో మాట లేదు దానికి.

ఆ బ్యాండు బెంగళూరు వస్తోందని తెలిసింది. పోదామన్నాను.

దాసన్న వద్దన్నాడు. ఈ ఒక్క మాట దయచేసి గుర్తుంచుకోండి. ఇంట్లో చెప్పకుండా ఆడపిల్లను ఊరు దాటిస్తే చిన్నమ్మకు మొహం ఎట్లా చూపించాలన్నాడు. కావాలంటే తనూ పోవడం మానేస్తానన్నాడు. నేను అలిగాను, అన్నం ముట్టలేదు, చివరికి ఒక్కదాన్నే రైలెక్కుతానని బెదిరించాను. దానికి లొంగాడు. బెంగళూరులో ఉద్యోగ పరీక్ష ఉంది, అన్న తోడొస్తాడు అని ఇంట్లో చెప్పింది కూడా నేనే. పరీక్ష బాగా రాయాలని అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపింది.

ఆ మైదానం నిండా నల్ల చొక్కాలే. దాసన్న దగ్గర నల్ల చొక్కా లేదు. గుడికి వేసుకునే తెల్లది ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. నాకు సిగ్గనిపించింది. అతనికి అనిపించలేదు.

పాటగాడు వచ్చాడు. మైకు స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. అది పట్టుకోవడం కాదు, ఆనుకోవడం అని కాసేపటికి తెలిసింది. రెండో పాటకే గొంతు జీరబోయింది. పాటలన్నీ శ్రుతి కిందికి దించేశారు. నేను పండగలా దాచుకున్న పాటలు పథ్యం కూడులా వచ్చాయి. సరే, నా పాట ఉంది కదా అనుకున్నాను, ఆ మెట్టు ఉంది కదా. ఆ పాటా వచ్చింది. ఆ చోటూ వచ్చింది. ఆయన మైకు తీసి జనం వైపు తిప్పాడు.

జనం పాడారు. అంతమందీ ఒక్కసారి. పక్కన దాసన్న కళ్ళు మూసుకుని, మెడనరాలు తేలేలా పాడాడు. నేను నోరు తెరవలేదు. అమ్మకు అబద్ధం చెప్పి ఇంతదూరం వచ్చింది నా చుట్టూ ఉన్నవాళ్ళ గొంతులు వినడానికా? నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

బయటికి నడుస్తుంటే దాసన్న అడిగాడు.

"ఏంది పాపా, గమ్మునుండావు?"

"మోసం అన్నా. ఆ ముసలాయనకు గొంతే లేదు. ఇంట్లో కూర్చోవచ్చు గదా."

"లేనిదాన్ని ఉన్నెట్టు నటించినాడా? లేదే. మైకు మనకిచ్చినాడు."

"అది చేతగానితనం."

"మన గుళ్ళో యోసేపు తాత పాట ఎత్తుకుంటాడు గదా. పై చరణం కాడికొచ్చేసరికి ఆయనకు ఊపిరి చాలదు. అప్పుడు మనమేం చేస్తాం? అందుకుంటాం. తాత మోసం చేసినాడని ఎవురన్నా అన్నారా?"

"అది గుడి అన్నా."

అతను ఒకసారి వెనక్కి తిరిగి మైదానం వైపు చూశాడు. తర్వాత, తనకే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"నాకు ఈడా అట్టనే అనిపించింది, పాపా."

ఆ మాట నన్ను నమ్మి చెప్పాడు. బిట్రగుంటలో ఇంకెవరికీ చెప్పలేని మాట అది.

ఊరికి వచ్చాక వారం తిరక్కుండానే బయటపడింది. ఎవరో తీసిన ఫోటోలో మేమిద్దరం పడ్డాం. అంత నల్ల గుంపులో ఆ తెల్ల చొక్కా దాక్కోలేదు. ఆ ఫోటో ఫోను నుంచి ఫోనుకు మారి కాలనీకి చేరింది. అమ్మ నన్ను కొట్టలేదు. మాట మానేసింది, కూడు మానేసింది. ఆదివారం గుడికి మాత్రం వచ్చింది. నా పక్కన కూర్చోలేదు.

సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని పాస్టరుగారు అడిగారు. నేను లేచాను.

ఒప్పుకోవడానికే లేచాను. ఇది నమ్మండి, నమ్మకపోయినా నేనేం చెయ్యలేను. "నేను పాపం చేశాను" అని మొదలుపెట్టాను. వారంలో మొదటిసారి అమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఎంత కావలసి వచ్చిందంటే, దాన్ని నిలుపుకోవడానికి ఆ క్షణంలో ఎవరినైనా ఇచ్చేసేదాన్ని. ఇచ్చేశాను. నేను వద్దంటున్నా మా అన్న నన్ను తీసుకెళ్ళాడన్నాను. వేలమంది చేతులెత్తి ఒకే గొంతుతో చీకటి పాట పాడారన్నాను. అది మా అన్నకు మన గుడిలాగే అనిపించిందట అన్నాను. ఎవరో ఆడమనిషి అయ్యో దేవా అంది. ఇక ఆగలేదు. నాకు ఊపిరాడలేదు, ప్రభువా అని పిలిచాను, పిలిచీ పిలవగానే ఆ పాటగాడి గొంతు పడిపోయింది, ఎంత ప్రయత్నించినా పైకి లేవలేదు అన్నాను.

గుడి మొత్తం స్తోత్రాలతో మోగిపోయింది. ముసలితనం చేసిన పనిని తీసుకెళ్ళి దేవుడికి అంటగట్టాను. అమ్మ వచ్చి నన్ను కావిలించుకుంది.

దాసన్న కిటికీ కింద స్టూలు మీదే ఉన్నాడు. తల వంచి ఒక తీగను శ్రుతి చేస్తున్నాడు. అది ఎప్పుడో శ్రుతిలోకి వచ్చేసింది, అయినా చేస్తూనే ఉన్నాడు. సాక్ష్యం తర్వాత ఒక పాట పాడటం మా ఆనవాయితీ. యోసేపు తాత ఎత్తుకున్నాడు. దాసన్న వాయించాడు. ఎక్కడా తప్పలేదు. పై చరణం దగ్గర తాతకు ఊపిరి చాలలేదు. ఎప్పుడూ ముందుగా అందుకునేది దాసన్న. ఆ రోజు అందుకోలేదు. ఒక్క క్షణం గిటారు ఒక్కటే వినపడింది.

సంఘ పెద్దలు చెడ్డవాళ్ళు కారు. కొన్నాళ్ళు గిటారు పక్కన పెట్టు నాయనా అని మెత్తగానే చెప్పారు. నిజమేనా అని అతన్ని అడిగినవాళ్ళు లేరు. అడిగినా అతను చెప్పేవాడు కాదు. చెప్పాలంటే, అమ్మ ప్రార్థన చేసి పంపిన ఆ పరీక్షను అల్లింది నేనేనని కూడా చెప్పాలి కదా. గిటారును దుప్పట్లో చుట్టుకుని తీసుకుపోయాడు. కొన్ని వారాలు వెనకబెంచీలో కూర్చున్నాడు. తర్వాత వాకాడు వైపు రొయ్యల గుంటల దగ్గరే ఉండిపోయాడు. అమ్మకూ పెద్దమ్మకూ మాటల్లేవు. పెద్దమ్మ పోయేదాకా లేవు.

నేనేమో పైకొచ్చాను. ఇంకో ఊరి కూడికలో నా సాక్ష్యం విని, ఇలాంటి పిల్ల మా ఇంటికి రావాలని ఒకావిడ అడిగింది. ఆవిడే మా అత్తగారు. పెళ్ళయి నెల్లూరు వచ్చాక స్త్రీల కూడికల్లో చెప్పాను, పిల్లల శిబిరాల్లో చెప్పాను. చెప్పేకొద్దీ అది బలిసింది. ఒకసారి అందులోకి మెరుపు కూడా వచ్చింది. ఆకాశంలో మబ్బు కూడా లేని రోజది.

ఎందుకు చేశాను? అమ్మ చూపు కోసం అన్నాను. అది నిజమే, అంతా కాదు. నాకు కోపం ఆ పాటగాడి మీద. నన్ను నిలబెట్టిన మనిషి తనే నిలబడలేకపోతే చూడలేకపోయాను. ఆయన నాకు అందడు. అందినవాడు దాసన్న. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నానంటారా? అదైనా పరవాలేదు, దుత్త పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. అసలు నాకు నచ్చనిదాన్ని అన్న ఎందుకు అంతగా ప్రేమించగలిగాడు? నేను మోసమని తిట్టిన చోట అతనికి గుడి ఎలా కనపడింది? అందుకు ఓర్వలేకపోయానేమో. ఇది రాసేదాకా ఈ మాట నాకే తెలియదు.

పెద్దమ్మను సమాధి చేసిన రోజు అతన్ని చూశాను. జుట్టు నెరిసింది. మట్టి వేసి వస్తూ నా దగ్గర ఆగాడు. నిలదీస్తాడనుకున్నాను. నిలదీస్తే బాగుండని కూడా అనుకున్నాను. "ఆ పాటలు ఇంకా వింటుండావా పాపా?" అన్నాడు. లేదన్నా అన్నాను. సరేలే అన్నట్టు తలాడించి వెళ్ళిపోయాడు.

వింటూనే ఉన్నాను. వంట చేసేటప్పుడు, ఒక చెవిలోనే. రెండో ఇయర్‌ఫోను కిందికి వేలాడుతుంటుంది. ఇంట్లో ఎవరన్నా పిలిస్తే వినపడాలి కదా అని మావారికి చెప్పాను.

పాస్టరుగారు ఫోను చేసిన మర్నాడు, ఆనాటి కచేరీ ఎవరో రికార్డు చేసింది దొరికింది. విన్నాను. ఆయన గొంతు నేననుకున్నంతే పాడైపోయి ఉంది. దానిలో నేను అబద్ధమాడలేదు. ఆ చోటు వచ్చింది, ఆయన ఆగాడు, జనం అందుకున్నారు. వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎంత బాగుందో. వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ విన్నాను. అంతమందిలో దాసన్న గొంతు కోసం వెతికాను. దొరకలేదు, దొరకదు కూడా. నా గొంతు మాత్రం అందులో లేదని నాకు తెలుసు.

పది ఆజ్ఞల్లో ఒకటి నా పని గురించే ఉంది, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదని. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠతా పట్టాను. దేవుడు క్షమిస్తాడనే మా నమ్మకం. నేను అడగలేదు. ముందు క్షమించమని అడగాల్సింది దాసన్నను. అతను వాకాడు వైపు ఉన్నాడు, ఇక్కడినుంచి బస్సుంది. బస్సు లేదని కూడా అనలేను.

ఆదివారం మైకు నా చేతికిస్తారు. పిల్లలు నా వైపు చూస్తుంటారు, మొదటి వరసలో మా అత్తగారు ఉంటారు. ఏం చెప్తానో నాకు తెలియదు. ధైర్యవంతురాలినని మీకు చెప్పి ఇంకో అబద్ధం మూట కట్టుకోను. ఇది రాస్తున్నంతసేపు మాత్రం లేచి తిరగాలనిపించలేదు. చాలా రోజులకు ఒకచోట కూర్చున్నాను. లేచేముందు ఆ ఒక్క వాక్యం ఒక్కసారైనా సరిగ్గా చెప్తాను.

దాసన్న వద్దన్నాడు. తీసుకెళ్ళింది నేను.