బొటనవేలి కింది బటన్

ఆ ఫోటోగ్రాఫర్‌కి ఇద్దరు పెళ్ళాలని తెలిసినవాళ్ళు ఆటపట్టించేవారు. ఒకావిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు, రెండోది మెడలో వేలాడే కెమెరా. ఇంట్లో ఆవిడ మాట ఈయన వింటాడో లేదో గానీ, కెమెరా మాత్రం ఈయన మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఆ సంగతి ఆయనే పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాడు.

వినకుండా చేసిందీ ఆయనే. మామూలుగా కెమెరా పై బటన్ సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఈయన ఆ రెండు పనులనూ విడదీశాడు. ఫోకస్‌ని వెనకవైపు, బొటనవేలి కింద ఉండే చిన్న బటన్‌కి అప్పగించాడు. ఇక పై బటన్ నొక్కితే ఫోటో పడుతుంది, అంతే. ఎదురుగా ఎవరున్నారో దానికి పట్టదు. సెట్టింగులు కూడా మూడు రకాలుగా దాచిపెట్టుకున్నాడు. ఒకటో నంబరు వేదిక మీది వెలుతురుకి, రెండోది మొహం స్పష్టంగా వచ్చి వెనకదంతా మసకబారడానికి, మూడోది పరుగులు పెట్టే పిల్లలకి.

"ఎందుకండీ ఈ తలతిక్క పని?" అని ఎవరైనా అడిగితే, "ఒకసారి కుదిర్చిన ఫోకస్ మళ్ళీ కదలదు. పని తెలిసినవాళ్ళు ఇలాగే పెట్టుకుంటారు" అనేవాడు. అబద్ధమేమీ కాదు. కానీ అసలు కారణం వేరు. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఈయన భోజనానికి లేచిన అరగంట బావమరిది కెమెరా పట్టుకున్నాడు. ఆల్బమ్ అట్ట మీదికి పెళ్ళివారు ఏరుకున్నది ఆ అరగంటలో తీసిన ఫోటోనే. "భలే తీశారండీ" అని ఈయన్నే మెచ్చుకున్నారు. ఈయన కాదనలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని బటన్ మార్చేశాడు.

భార్య ఉద్యోగ విరమణ రోజున ఆయన వార్డంతా కలియతిరిగి ఫోటోలు తీశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఆవిడది. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తారు, ఆ లెక్కన ఈయన అందరికీ పెద్దనాన్న. చివర్లో ఆవిడ దగ్గరికొచ్చింది.

"ఏమండీ, మనిద్దరిదీ ఒక్కటి తీయిద్దాం. పెళ్ళి ఫోటో తర్వాత మనం కలిసి ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. రేపట్నుంచి ఈ యూనిఫాం కూడా ఉండదు."

ఆయన పక్కనే ఉన్న కొత్త నర్సు చేతిలో కెమెరా పెట్టాడు. "పై బటన్ నొక్కమ్మా, చాలు." జేబులో దువ్వెన వెతుక్కునే హడావిడిలో బొటనవేలి సంగతే మరిచిపోయాడు.

ఆ అమ్మాయి కన్ను ఆనించి చూసి, "మీరిద్దరూ మసగ్గా కనిపిస్తున్నారండీ, పెద్దనాన్నగారూ" అంది.

"అలవాటు లేక అలా ఉంటుందిలే. నొక్కెయ్యి."

పన్నెండు ఫోటోలు తీసింది. చూస్తే పన్నెండూ మసకే. ఈయనకి ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క బటన్ నొక్కడం కూడా రాదా నీకు? చేతులు ఇలా వణికితే రేపు సూదెలా వేస్తావు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని, "సారీ అండీ" అంది. మళ్ళీ తీయిద్దామనుకునేలోగా అంబులెన్స్ వచ్చింది. నర్సులందరూ పరుగెత్తారు, ఉద్యోగం అయిపోయిన ఆవిడతో సహా. అందరూ తిరిగొచ్చేసరికి ఈయన కెమెరా సంచిలో పెట్టేసి, మెట్ల దగ్గర మూతి ముడుచుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఫోటో పెద్దది చేసి చూశాడు. చేతులు వణికితే ఫోటో మొత్తం చెదిరిపోవాలి. ఇందులో వెనక గోడ మీద రోగులను చూసే వేళల బోర్డు అక్షరం అక్షరం చదవొచ్చు. అంతకుముందు ఆ బోర్డు కింద వరసగా నిలబడ్డ నర్సులని ఈయనే తీశాడు. ఫోకస్ అక్కడే ఉండిపోయింది, ఎక్కడ వదిలితే అక్కడ ఉండేలా తానే నేర్పాడు కదా. పైగా రెండో నంబరు సెట్టింగు, ముందున్న ఇద్దరినీ నిక్షేపంగా మసక చేసి పెట్టింది. ఆయనకి చెవులు వేడెక్కాయి.

అప్పుడే ఆవిడ టీ తెచ్చింది. "ఆ వెనక బటన్ సంగతి ఆ పిల్లకి చెప్పారా?"

"చెప్పకుండా ఇస్తానా? ఈ కాలం పిల్లలకి శ్రద్ధ ఏది!"

ఆవిడ టీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద సరిగ్గా దిగలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, ఆవిడ తలెత్తి చూడగానే "కూరలో ఉప్పు సరిపోయింది" అనేవాడు. అరవయ్యో పడిలో పడుతున్నవాడు, మనవలకి అబద్ధమాడొద్దని చెప్పేవాడు, ఒక చిన్నపిల్ల మీద తప్పు తోసేసి కూర్చున్నానని తనని తనే తిట్టుకున్నాడు. ఒక పొద్దున కెమెరాని కొన్ననాటి సెట్టింగులకి మార్చేశాడు. దాచుకున్న మూడు రకాలూ ఒక్క నొక్కుతో పోయాయి. మనసు మాత్రం తేలికపడలేదు. బటన్‌కి చెప్పాల్సిన మాట కాదు కదా అది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాడు. తిట్టింది అందరి ముందూ కాబట్టి, అందరూ ఉన్నప్పుడే వార్డు మధ్యలో నిలబడి చెప్పాడు. తప్పు తనదేననీ, వెనక బటన్ సంగతి చెప్పనేలేదనీ, మసగ్గా ఉందని ఆ అమ్మాయి అన్నా వినిపించుకోలేదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే.

కొత్త నర్సు చేతిలోని బ్యాండేజీ చుట్టడం ఆపి, "నాకు తెలుసండీ, పెద్దనాన్నగారూ" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆ సాయంత్రమే పెద్దమ్మ ఫోన్ చేశారు. నీ తప్పేం లేదమ్మా, ఆయన చెప్పడం మర్చిపోయారు, రేపో ఎల్లుండో ఆయనే వచ్చి నీతో చెప్తారు, అంతవరకూ ఆయన్నేమీ అనుకోకు అన్నారు." మళ్ళీ బ్యాండేజీ చుట్టడం మొదలుపెట్టింది. "ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, వచ్చారా అమ్మా అని అడిగేవారండీ. నిన్న మాత్రం, ఇంక అడగన్లే అమ్మా అన్నారు. ఇవాళ చెయ్యలేదు."