అంచుదాకా నీళ్ళు

టీచరమ్మగారు పోయారని భయ్యా ఫోన్ చేసినప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో, చాతం జెట్టీ మీద ఫెర్రీ కోసం నిలబడి ఉన్నాను. భయ్యా ఆవిడ కొడుకు. రంగత్‌లో వాళ్ళది మా పక్కిల్లు. నిద్రలోనే పోయారన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. జెట్టీ కింద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో వంగి చూశాను. అలా చూడడం ఆవిడ నేర్పిందే.

తెలుగు చదవడమూ ఆవిడే నేర్పారు. మా బడిలో హిందీ, ఇంట్లో సగం సగం. నేను మొదట రాసిన తెలుగు మాటలు ఆటు, పోటు. రిటైరైన సైన్సు టీచరు కదా, పాఠానికి ముందు నాతో ఒక పని చేయించేవారు. ఆ రోజు జరిగినదంతా వెనక నుంచి చెప్పాలి. ఇప్పుడు గుమ్మంలో కూర్చున్నాను. దానికి ముందు చెప్పులు విప్పాను. దానికి ముందు దారిలో కుక్కను తప్పించుకున్నాను. మధ్యాహ్నందాకా చకచకా వచ్చేది. పొద్దుటికి చేరేసరికి అన్నీ కలిసిపోయేవి.

"ఓడ మీద వెనక్కి తిరిగి చూళ్ళేదా? దగ్గర చెట్లు దేనికది కనబడతాయి. దూరమయ్యేకొద్దీ అంతా ఒకటే గీత. మెదడూ అలాగే చూస్తాదే పిల్లా," అనేవారు.

ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో నేను చదువుతున్నదీ అదే. మెదడులో కొన్ని కణాలు ఒకదాని తర్వాత ఒకటి మేలుకుంటూ జరిగినవాటి వరుసను పట్టి ఉంచుతాయట. ఇప్పుడే జరిగినదానికి చిక్కగా, పాతబడేకొద్దీ పలచగా. చదవగానే ఆవిడకు చెబుదామనుకున్నాను. అప్పటికే ఆవిడకు పొద్దుట తిన్నది సాయంత్రానికి గుర్తుండడం లేదు.

నేను సునామీ తర్వాత పుట్టాను. అది వచ్చేనాటికి ఆవిడా ఆవిడ భర్తా దక్షిణాన ఒక దీవిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న క్వార్టర్లో ఉండేవారు. భూమి ఊగగానే అందరూ బయటికి పరుగెత్తారట. ఊపు ఆగాక, నలిగిన బట్టల్లో ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారట. పొయ్యి మీద పాలున్నాయని ఆయన లోపలికి వెళ్ళారు. సముద్రం వెనక్కి పోయిందని ఎవరూ గమనించలేదు. ఇంతవరకే చెప్పేవారు ఆవిడ.

రంగత్‌కు వచ్చాక కిటికీ గట్టు మీద ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉండేది. అంచుదాకా నీళ్ళు, ఇంకో చుక్క వేస్తే ఒలికేలా. నీళ్ళు వణికితే చెప్పులైనా వెతక్కుండా గుట్ట ఎక్కాలి, లోపలికి మాత్రం వెళ్ళకూడదు. రోడ్డు మీద లారీ పోయినా వణికేవి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుట్ట దారి పట్టేవారు.

"అమ్మా, వో సిమెంట్ లారీ హై," అని భయ్యా నవ్వేవాడు. "సునామీ హారన్ కొట్టుకుంటూ రాదు."

"కొట్టదనేరా నా భయం," అనేవారు ఆవిడ.

మీకెవరికైనా ఇది వెర్రిగా అనిపించవచ్చు. కానీ గుట్ట మీద ఆవిడ అరచెయ్యి ఎంత చల్లగా ఉండేదో నాకు తెలుసు.

పోయినసారి సెలవులకు వెళ్ళినప్పుడు, ఆవిడకు దగ్గర చెట్లన్నీ మాయమై, సునామీ నాటి ఆ ఒక్క పొద్దే గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. లోపల భయ్యా పాలు కాస్తున్నాడు. ఆ వాసన తగలగానే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు, గోళ్ళు దిగేలా.

"ఆయన్ని లోపలికెళ్ళొద్దని చెప్పవే. సముద్రం వెనక్కి పోయింది."

ఆవిడను ఇవాళ్టికి తీసుకురావడానికి నాకు తెలిసింది ఒక్కటే, ఆవిడ పాఠం. ఇప్పుడు నేనొచ్చాను, దానికి ముందు మీరు జామకాయ తిన్నారు, అని మొదలుపెట్టాను. ఊపిరి నెమ్మదించింది. దానికి ముందు, అన్నారు. స్నానం చేశారన్నాను. దానికి ముందు? నిద్ర లేచారు. దానికి ముందు? నిన్న వాన పడింది. దానికి ముందు?

అప్పుడు అర్థమైంది, ఆ దారి ఎక్కడికి పోతోందో. నేను ఒక్కో మాటా చెబుతుంటే ఆవిడ ఆ వంటింటి గుమ్మం వైపే నడుస్తున్నారు.

"దానికి ముందు నాకు గుర్తులేదండీ," అన్నాను.

"పరవాలేదమ్మా," అన్నారు, జాలిగా. "నాకు గుర్తుంది."

పరీక్షల వల్ల దినకర్మ అయ్యాకగానీ రంగత్‌కు వెళ్ళలేకపోయాను. గ్లాసు గట్టు మీదే ఉంది, అంచుదాకా నిండి. నింపింది తనేనని, రోజూ నింపడం ఆదత్ అయిపోయిందని భయ్యా సిగ్గుపడుతూ చెప్పి, నాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి పాల వాసన వచ్చింది. నీళ్ళు వణికాయి. రోడ్డు మీద లారీ చప్పుడేమీ వినబడలేదు.

"భయ్యా, బయటికి రా."

అతను నవ్వలేదు. పొయ్యి కట్టేయకుండానే, చేతిలో గరిటెతో వచ్చేశాడు. వాకిట్లో ఇద్దరం చెప్పులు లేకుండా నిలబడి, నీళ్ళు నిలిచేదాకా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాం. లోపల పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమంటున్నాయి.