లప్పం పెట్టని కన్నం

ఊళ్ళో రంగులేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, గోడకి పడ్డ కన్నాన్ని ఆ గోడ కట్టినవాడు కూడా గుర్తుపట్టకుండా పూడ్చేవాడు ఒక్కడే. అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు. అందరికీ లప్పం మామ. లప్పం ముద్దని బొటనవేలితో కూరి, రేకుతో లాగి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, పాత రంగుకి తగ్గ రంగు కలిపి పూస్తే, అరచేత్తో తడిమినా తెలిసేది కాదు.

ఒకప్పుడు మేకుల కన్నాలు పూడ్చేవాడు. ఈమధ్య అన్నీ తూటాల కన్నాలే. దుకాణంలో తగాదా, ఇంట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాట, చివరికి బడి. బడి హాల్లో కాల్పులు జరిగి ఇద్దరు పిల్లలు పోయాక పెద్ద టీచరమ్మ కబురు పెట్టింది. "ఆనవాలు లేకుండా చెయ్యి మామా, మిగతా పిల్లలు జడుసుకుంటున్నారు" అంది. చేశాడు.

తుపాకులున్నవాళ్ళు వాటిని స్టేషన్లో నమోదు చేయించి తీరాలన్న రూలు ఆ ఊళ్ళో లేదు. ఆ రూలు తేవాలా వద్దా అన్న మీటింగు అదే హాల్లో పెట్టారు. మామ వెనక వరసలో కూర్చున్నాడు. ముందు వరసలోంచి లేచింది ఎవరో కాదు, స్వయానా అతని బావమరిది. పని పోయిన దగ్గర్నుంచీ అక్క ఇంట్లోనే మకాం. అటక మీద తుపాకి, నోట్లో ఉపన్యాసం.

"ఇవాళ తుపాకి రాయించమంటారు, రేపు పెళ్ళాన్ని రాయించమంటారు!"

"పెళ్ళిళ్ళు ఎప్పట్నుంచో రిజిస్టరు చేయిస్తూనే ఉన్నాంగా నాయనా, నిన్నెవరూ చేసుకోలేదు గనక నీకు తెలీదు!" అంది ఒక ముసలమ్మ. హాలంతా నవ్వులు.

బావమరిది తగ్గలేదు. "ఏదో జరిగిపోయిందని ఎన్నాళ్ళు ఏడుస్తారు? ఆ గోడ చూడండి! ఎక్కడైనా గీత ఉందా? అద్దంలా ఉంది. అలా మరిచిపోవాలి!"

చప్పట్లు మోగాయి. తన చేతి పనితనం ఇన్నాళ్ళూ ఎవరికి ఊడిగం చేసిందో మామకి అప్పుడు తెలిసింది. ఏదీ తేలక మీటింగు వాయిదా పడింది.

ఇంటికొచ్చాక అడిగేశాడు. "స్కూటరుకి నంబరుంది. కుక్క మెడలో బిళ్ళుంది. నీ తుపాకికి మాత్రం ఊరూ పేరూ ఉండకూడదా? రాయించు, లేదా ఇంట్లోంచి తీసెయ్. పసిపిల్ల తిరిగే ఇల్లు."

"నువ్వు నీ గోడలు చూసుకో బావా."

"పోనిద్దురూ, వాడేమన్నా దొంగా?" అని భార్య తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మనవరాలు పెరట్లో పళ్ళు తోముకుంటోంది. లోపల ఢామ్మంది. మామ పరుగెత్తాడు. పిల్ల అప్పుడే లేచి వెళ్ళిన మంచం, నొక్కు పోని తలగడ, దానికి జానెడు పైన గోడలో కన్నం. బావమరిది చేతిలో తుపాకి, నూనె గుడ్డ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఖాళీ అనుకున్నా బావా..." అన్నాడు. అటూ ఇటూ చూసి, "అక్క బజారునుంచి వచ్చేలోగా కాస్త లప్పం పెట్టెయ్. నువ్వు పెడితే ఎవరికీ తెలీదు" అన్నాడు.

మామకి కోపం రాలేదు. కుళ్ళినదేదో కాళ్ళకింద చితికినట్టు ఒళ్ళంతా జలదరించింది. మనవరాల్ని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. భార్య రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. ఆమె కన్నాన్ని చూసింది, తలగడ చూసింది. కూరగాయల సంచీ జారిపోయింది.

"పొరపాటక్కా..."

"నోర్ముయ్. స్టేషనుకెళ్ళి రాయించి, దాన్ని అక్కడే అప్పజెప్పి రా. లేదంటే ఇటునుంచి ఇటే పో."

ఇటునుంచి ఇటే పోయాడు, తుపాకి సంచిలో వేసుకుని. ఏ గుమ్మం ఎక్కాడో, అది ఇప్పుడు ఏ పసివాడి తలగడ దగ్గరుందో చెప్పే కాగితం ఊళ్ళో ఎక్కడా లేదు.

వాయిదా పడ్డ మీటింగు రోజున, బడికి సెలవు. మామ హాల్లోకెళ్ళి రేకుతో తన లప్పాన్ని తనే గీకడం మొదలెట్టాడు. టీచరమ్మ గాభరాగా వచ్చింది.

"అయ్యో, ఇదేం పని మామా? సాయంత్రం మీటింగు!"

"అందుకేనమ్మా. గోడ చూడండి అంటారుగా, చూడనీ."

"మళ్ళీ జడుసుకుంటారేమో..."

"పిల్లలకి సెలవు. జడుసుకుంటే ఆ పెద్దలే జడుసుకోనీ."

తెల్లటి పొడి ఆవిడ చీర మీద పడుతోంది. పై కన్నాలు అతనికి అందడం లేదని చూసి, మూలనున్న స్టూలు లాక్కొచ్చి వేసింది.