తిట్టడానికీ పనికిరాని అభ్యర్థి

హాయిల్ కాలమ్ మూడు వారాలుగా పత్రికలో రావడం లేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం రెండో పేజీలో అది కనిపించే చోట ఇప్పుడు టైర్ల దుకాణం ప్రకటన వస్తోంది. జోర్డాన్‌లోని కరక్ ఊళ్లో ఆ కాలమ్ కోసమే పత్రిక కొనేవాళ్లకు ఇది వింతగా తోచింది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. ఇలాంటప్పుడే కదా హాయిల్ రెచ్చిపోయి రాసేది!

రాజధాని అమ్మాన్ నుంచి సంపాదకురాలు సుహైర్ ఫోన్ చేసింది.

"ఏం ఉస్తాద్, ఈ వారమూ టైర్లేనా?"

"అభ్యర్థులందర్నీ చూసొచ్చానమ్మా. రాయడానికి ఏమీ దొరకట్లేదు."

"దొరక్కపోతే తిట్టు. నీకు కొత్తా?"

"తిట్టడానికైనా మనిషిలో ఏదో ఒకటి ఉండాలి కదా."

"చూడు, టైర్లాయన ఆ చోటు ఏడాదికి అడుగుతున్నాడు. ఈ గురువారానికి నీ కాగితం రాకపోతే ఇచ్చేస్తాను. తర్వాత నన్ననకు."

హాయిల్ చెప్పింది వంక కాదు. పొద్దున బడిలో భూగోళం పాఠాలు చెప్పి, సాయంత్రాలు ఒక్కో అభ్యర్థి గుడారానికి వెళ్లి కూర్చున్నాడు. పెట్టిన కునాఫా మిఠాయి తిన్నాడు, ప్రసంగం విన్నాడు, ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాడు. అంతే. ఎవరేమన్నారో ఒక్క ముక్క గుర్తుండేది కాదు. వెనకటి ఎన్నికల్లో ఒకాయన కరక్ కొండ మీదికి రైలు తెస్తానన్నాడు. ఇంకొకాయన ఎదుటివాడి గుడారంలోకే పొరపాటున వెళ్లి అరగంట ఉపన్యసించాడు. వాళ్ల మీద హాయిల్ నెలల తరబడి రాశాడు. ఈసారి అందరిదీ ఒకే కోటు, ఒకే చిరునవ్వు. గోడల మీద బొమ్మలు తారుమారు చేసినా ఎవరూ పట్టుకోలేరు.

వాళ్లలో మరీ చప్పనివాడు హాయిల్ సొంత వంశంవాడే. ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ముఫ్లిహ్.

ఆదివారం సాయంత్రం ఆ ముఫ్లిహ్, ఆయన చిన్నాన్న అబూ గాజీ, వాళ్ల శాఖ పెద్దలు కొందరు హాయిల్ అన్న మిత్‌ఖాల్ ఇంటికి వచ్చారు. ఇంటికి పెద్ద మిత్‌ఖాలే. చావడిలో అందరికీ కాఫీ పోశారు. అబూ గాజీ కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా తివాచీ మీద పెట్టేశాడు. అడగడానికి వచ్చాడన్నమాట. కోరింది ఇస్తామని ఇంటివాళ్లు మాటిస్తేగాని ఆ కప్పు ఎత్తడు.

"తాగు అబూ గాజీ," అన్నాడు మిత్‌ఖాల్ వెంటనే. "నువ్వు అడిగిందేదైనా అయినట్టే."

అడిగేదేమిటో వినకముందే అలా అనడం మిత్‌ఖాల్‌కు గర్వం. పొగుడుతూ రాయమంటారు కాబోలని హాయిల్ మనసులో సాకు వెతుక్కుంటున్నాడు.

"ఓట్లకు బెంగ లేదు," అన్నాడు అబూ గాజీ. "మా బెంగంతా మీ తమ్ముడి కలం గురించే. ఎన్నికలయ్యేదాకా మా ముఫ్లిహ్ గురించి ఒక్క అక్షరం రాయకూడదు. మంచీ వద్దు, చెడూ వద్దు."

"అంతేనా? నా ట్రాక్టరు అడుగుతావనుకుని హడలిపోయాను!"

అందరూ నవ్వారు. అబూ గాజీ కాఫీ తాగాడు. ముఫ్లిహ్ మాత్రం వెళ్లేటప్పుడు, "దేవుడు అందరికీ మంచే చేస్తాడు," అని అందరితో చేతులు కలిపాడు.

వాళ్ల కార్లు మలుపు తిరగగానే హాయిల్ అన్న మీద పడ్డాడు.

"నా కలాన్ని నన్నడక్కుండా ఎలా ఇచ్చేశావన్నయ్యా?"

"నువ్వెలాగూ రాయట్లేదు కదరా. ఊరికే పడున్నదేగా, ఇచ్చాను."

మర్నాడు బడిలో, పిల్లలు నదుల పేర్లు రాసుకుంటుండగా, హాయిల్‌కు వాక్యాలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. అన్నీ ముఫ్లిహ్ మీదే. చిరునవ్వు మీద, కోటు మీద, చేతులు కలిపే తీరు మీద. ఒక పేజీ నిండింది. బాగుంది కూడా. చింపేయక తప్పలేదు. అన్న ఇచ్చిన మాట తప్పితే ఆ చావడిలో రేపు ఎవరూ కప్పు కింద పెట్టరు.

మాట వెనక్కి ఇమ్మని అడగడానికి మంగళవారం ముఫ్లిహ్ ఇంటికే వెళ్లాడు. ముఫ్లిహ్ ఒంటి మీద కోటు లేదు. పెరట్లో మోటారు విప్పి, చేతుల నిండా గ్రీజుతో కూర్చున్నాడు.

"నీ మీద రాయనివ్వు ముఫ్లిహ్. ఉన్నదే రాస్తాను."

"ఏముందని రాస్తావు? నీ బాధ నాకు తెలుసు. నా ప్రసంగానికి నాకే నిద్రొస్తుంది."

"మరి ఎందుకు నిలబడ్డావయ్యా?"

"నేను నిలబడ్డానా?" ముఫ్లిహ్ మొదటిసారి గొంతు పెంచాడు. "నిలబెట్టారు! పాతికేళ్లు ఊరికి దూరంగా అకబా రేవులో ఉద్యోగం చేశాను. ఇక్కడ ఎవరితోనూ పోట్లాడే అవకాశమే రాలేదు. ఆ రోజు మన వంశం సభలో అందరూ చేతులెత్తారు. నువ్వూ ఎత్తావు. మూడో వరసలో కూర్చున్నావు, నేను చూశాను."

హాయిల్ మోటారు పక్కనే చతికిలబడ్డాడు.

"మాట వెనక్కివ్వడం నా వల్ల కాదు," అన్నాడు ముఫ్లిహ్ స్పానర్ అందుకుంటూ. "అడిగింది నేను కాదు, చిన్నాన్న. ఆ స్క్రూ ఇటివ్వు."

బుధవారం మధ్యాహ్నం హాయిల్ ఖాళీ తరగతి గదిలో కూర్చుని ఆ సభ గురించి రాశాడు. వంశంలోంచి అభ్యర్థిని ఎన్నుకున్న రోజు. మొదటి పేరును గట్టు తగాదాలో బంధువు మీద కేసు వేశాడని కొట్టేశారు. రెండోవాడు లాయరు, మాట పదును. ఆ పదునే తప్పయింది. హెడ్‌మిస్ట్రెస్ ఉమ్ సఖర్ అంటే అందరికీ గౌరవం, అయినా ఆమె పేరు పైకి అన్నవాడు లేడు. 'నాలుగో మనిషి గురించి రాయనని మా ఇంటి మాట ఉంది. అందుకని చేతులెత్తిన మా గురించే రాస్తున్నాను. మూడో వరసలో నా చెయ్యీ లేచింది. ఎవరికీ కోపం తెప్పించనివాడు కావాలనుకున్నాం, దొరికాడు. ఇప్పుడు గుడారంలో ఆవలిస్తున్నాం,' అని ముగించాడు. ఒక్క కొట్టివేత లేకుండా రెండు పేజీలు.

దాన్ని అమ్మాన్‌కు పంపకముందు అన్న దగ్గరికి తీసుకెళ్లాడు. మిత్‌ఖాల్ అద్దాలు పెట్టుకుని తాపీగా చదివాడు.

"ముఫ్లిహ్ పేరు లేదు."

"లేదు."

"మంచీ లేదు, చెడూ లేదు. ఉన్నదంతా మనమే."

"అవునన్నయ్యా."

"దీనికన్నా వాణ్నే తిట్టుంటే నయం కదరా! ఒక్కడి పరువుతో పోయేది."

పంపొద్దంటాడేమోనని హాయిల్ నిలబడే ఉన్నాడు. వద్దంటే పంపే ఉద్దేశం లేదు. మిత్‌ఖాల్ కాగితం తిప్పి, వేలితో వెతికి, ఒక చోట ఆగాడు.

"ఇదిగో ఇక్కడ. ఆ రోజు రెండు గొర్రెలు కోశామని రాశావు. మూడు కోశాం. చదివినవాళ్లు పిసినారులనుకుంటారు."

హాయిల్ అక్కడే దిద్ది, సుహైర్‌కు పంపాడు.